పెద్దాయన దిగులు: ముసలితనమా, జబ్బా?

ప్రశ్న (ఆశా కార్యకర్త, ప్రకాశం జిల్లా):
నేను చూసే ఇళ్ళలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. భార్య పోయి ఏడు నెలలు, కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో. రెండు నెలలుగా రచ్చబండ దగ్గరికి రావట్లేదు. ఒక్కపూటే తింటున్నారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు. అడిగితే "ఒళ్ళు నొప్పులమ్మా, నీరసం" అంటారంతే. ఆర్‌ఎంపీ వారానికో సెలైన్ ఎక్కిస్తున్నాడు. కొడుకులేమో వయసైపోయింది కదా అంటున్నారు. ఇది డిప్రెషనా, మతిమరుపు జబ్బా? నేనేం చూడాలి?

జవాబు (మానసిక ఆరోగ్య నర్సు):
తిండి, నిద్ర, నలుగురిలోకి రావడం, మూడూ ఒకేసారి తగ్గాయంటే వయసు మీదకి తోసెయ్యకండి. పల్లెల్లో పెద్దవాళ్ళు దిగులుని దిగులని చెప్పరు, ఒళ్ళునొప్పులనే చెప్తారు. ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు అడగండి: "మనసు దిగులుగా ఉంటోందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పని ఇప్పుడు చేయబుద్ధవుతోందా?" రెండు వారాలుగా దాదాపు రోజూ ఇలాగే ఉంటే జీడీఎస్ (పెద్దవాళ్ళలో డిప్రెషన్ ఉందేమో చూసే ప్రశ్నల పట్టిక) 15 ప్రశ్నలు చదివి వినిపించండి. అవును, కాదు అంటే చాలు, చదువు రానివాళ్ళకీ పనికొస్తుంది. పొరపాటు జరిగేది మార్కుల దగ్గర. 1, 5, 7, 11, 13 ప్రశ్నలకి "కాదు" అంటే మార్కు, మిగతావాటికి "అవును" అంటే మార్కు. 5 దాటితే డాక్టర్‌కి చూపించాలి.

ఇవాళ ఏ వారం అని అడిగితే దిగులున్న మనిషి "ఏమోనమ్మా" అని వదిలేస్తాడు. మతిమరుపున్నవాళ్ళు చాలాసార్లు తప్పు చెప్పి సర్దుకుంటారు. రెండు మూడు రోజుల్లోనే మాట తడబడి, రాత్రిపూట కలవరింతలు ఎక్కువైతే అది వేరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చావు ఆలోచన వస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బా పశువుల పాకలో ఉన్నా సరే, అదే రోజు ఆ ఇంటి నుంచి తీయించండి. ఎలా చనిపోవాలో కూడా అనుకున్నానని ఆయన చెప్తే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి రాత్రయినా, పగలయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

జవాబు (పీహెచ్‌సీ డాక్టర్):
ముందు ఆ సెలైన్ ఆపించండి. అరలీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదు చిన్న చెంచాలు. దాని బదులు హిమోగ్లోబిన్, షుగర్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, బి12 చేయించండి. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే ఉంటాడు.

మందు అవసరమైతే ఈ వయసులో మామూలుగా ఎస్‌సిటాలోప్రామ్ 5 మి.గ్రా. లేదా సెర్ట్రాలిన్ 25 మి.గ్రా.తో మొదలుపెడతాం. మొదటి వారం వికారం ముందొస్తుంది, గుణం నాలుగు నుంచి ఆరు వారాలకి గానీ కనబడదు. చాలామంది మాత్రలు మానేసేది ఆ మధ్యలోనే, కాబట్టి ముందే చెప్పండి. కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. నిద్రకని అల్ప్రాజోలామ్ కొనిస్తే రాత్రి లేచినప్పుడు పడి తుంటి విరగొచ్చు. ఈ దిగులు మందులతో పాటు నొప్పులకి డైక్లోఫెనాక్ వాడితే కడుపులో రక్తస్రావం కావచ్చు, మలం నల్లగా వస్తే ఆలస్యం చెయ్యొద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఆయన బీపీ మాత్ర అట్ట మీద పేరు చివర "హెచ్" అని ఉంది. ఏమైనా ఇబ్బందా?

జవాబు (పీహెచ్‌సీ డాక్టర్):
మంచి పని చేశారు చూసి. అది ఎక్కువగా హైడ్రోక్లోరోథయజైడ్, ఒంట్లో సోడియం తగ్గిస్తుంది. దిగులు మందూ తగ్గిస్తుంది, రెండూ కలిస్తే తూలడం, అయోమయం. ఆ అట్టని డాక్టర్‌కి చూపించండి. మందు మొదలుపెట్టిన రెండు వారాలకి సోడియం మళ్ళీ చూడాలి.

జవాబు (గ్రామీణ కౌన్సెలర్):
"ధైర్యంగా ఉండు తాతా" అన్నందువల్ల లాభం లేదు. మొదటి వారం ఒకే పని, దానికో టైము: పొద్దున ఆరున్నరకి పాలకేంద్రం దాకా నడిచి రావడం. మనసు బాగున్నప్పుడు వెళ్దాంలే అంటే ఆ రోజు రాదు, మనసు లేకపోయినా వెళ్ళాలి. వారానికొకటి చొప్పున పనులు కలపండి. వంట మగాడికి రాకపోతే ఒక్కపూట తిండికి కారణం సగం అదే కావచ్చు, పక్కింటివాళ్ళతో రెండో పూట కూర మాట్లాడిపెట్టండి. కొడుకులు రోజూ ఒకే వేళకి ఫోన్ చెయ్యాలి. "తిన్నావా నాన్నా" దగ్గర ఆగకుండా "ఈసారి కంది ఎప్పుడు వేద్దాం" అని అడగాలి. పొలం సంగతి ఆయనకి తెలిసినంత వాళ్ళకి తెలీదు కదా.