‘__గ్గు నంకె చూచి’: చెరిగిన ఆ ఒక్క అక్షరం ఏది?

పద్యాలపిచ్చి:
వైర్‌లెస్ లింకుల అలైన్‌మెంట్ (యాంటెన్నాలను ఒకదానికొకటి గురిపెట్టడం) నోట్సు వెనక చేత్తో రాసిన ఆటవెలది ఒకటి జిరాక్సు మీద జిరాక్సుగా తిరుగుతోంది కదా. నాలుగో పాదం మొదటి అక్షరం పూర్తిగా మాసిపోయింది.

బలము పెరిగెననుచు బంధింపవలదయ్య
తేట యెంతొ ముందు తెలియవలయు
సున్న వైపు జరుగ నున్నతి యనవలె
__గ్గు నంకె చూచి నెగ్గె ననుము

‘తగ్గు’ అని కొందరు, ‘మొగ్గు’ అని కొందరు. అసలు పాఠం ఏదంటారు?

డెసిబెల్:
‘తగ్గు’. ఇందులో అనుమానమేముంది? సిగ్నల్ బలం మైనస్‌లలో ఉంటుంది, సున్నకి దగ్గరైతే బలం ఎక్కువ. రీడింగ్ −95 నుంచి −72కి వచ్చిందంటే కంటికి కనిపించే అంకె తగ్గింది, సిగ్నల్ నెగ్గింది. ఆ 23 డీబీ (డెసిబెల్, ఎన్ని రెట్లో చెప్పే కొలత) అంటే దాదాపు 200 రెట్ల పవర్. కొత్తవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే, పద్యం పుట్టిందీ అందుకే.

నేలచూపు:
ఆ సంగతి మూడో పాదం చెప్పేసిందిగా! సున్న వైపు జరిగితే ఉన్నతి అన్నాక, మళ్లీ ‘తగ్గు నంకె’ అంటే పునరుక్తి. నాలుగే పాదాలున్న పద్యంలో ఒకటి దండగ చేసుకుంటారా? ‘మొగ్గు నంకె’ అంటే అంకె ఎటు మొగ్గుతోందో చూడమని. యాంటెన్నా తిప్పేవాడికి కావలసింది విడి రీడింగ్ కాదు, దాని వాలు. శిఖరం దగ్గర పడేకొద్దీ రీడింగ్ చదునవుతుంది, రెండు డిగ్రీలు కదిపినా ఒక డీబీ కూడా మారదు. అక్కడ ‘ఎక్కువ వచ్చిన చోటు’ కోసం వెతికితే చేతికి చిక్కదు. అందుకే శిఖరం దాటించి, ఎడమవైపు 3 డీబీ పడిపోయిన చోట క్లాంప్ మీద ఒక గీత, కుడివైపు 3 డీబీ పడిన చోట ఇంకో గీత పెట్టి, రెంటికీ నడిమధ్యకి తేవాలి. ఆ తర్వాత అదే పని పైకీ కిందకీ. మళ్లీ ఒకసారి అడ్డంగా. ఒక కొన కదుపుతుంటే రెండో కొన ముట్టుకోకూడదు. ‘మొగ్గు’లో ఇదంతా ఉంది.

అరసున్న:
ఛందస్సు వైపు నుంచి ఒక మాట. నాలుగో పాదంలో ఉన్నది ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలవడం), గ్గకి గ్గ. కాబట్టి మొదటి అక్షరం ‘త’ అయినా ‘మొ’ అయినా గణం చెడదు, యతీ చెడదు. ‘సిగ్గు’, ‘దగ్గు’ పెట్టినా చెల్లుతుంది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు.

మొదటి పాదం మాత్రం చెబుతుంది. ‘బంధింప’ బదులు ‘బిగియింపవలదయ్య’ అనే పాఠం కూడా తిరుగుతోంది. యాంటెన్నా బోల్టు అన్నాక బిగించడమే సహజం, గణమూ సరిపోతుంది. కానీ బ-బి యతి కుదరదు, అచ్చుకి మైత్రి లేదు. ఎవరో అర్థం చూసి దిద్దిన పాఠమది.

గురి:
అరసున్న గారూ, యతి సరే గానీ ‘బంధింప’ అని ఎందుకన్నాడో కూడా చూడండి. బలం పెరగగానే కట్టేయడమే అసలు ప్రమాదం, ఎందుకంటే అది సైడ్ లోబ్ (ప్రధాన కిరణం పక్కన ఉండే చిన్న కిరణం) కావచ్చు. సైడ్ లోబ్‌కీ ఒక చిన్న శిఖరం ఉంటుంది. రెండు పక్కలా పడిపోతుంది, మధ్యలో చక్కగా నిలుస్తుంది. నేలచూపు గారి రెండు గీతల పద్ధతి అక్కడా నమ్మకంగా పనిచేసి తప్పు చోటే కూర్చోబెడుతుంది.

దానికి విరుగుడు, ఎక్కకముందే లెక్క. 5 కిలోమీటర్లు, 5800 మెగాహెర్ట్‌జ్ అనుకోండి. ఖాళీ ఆకాశంలో నష్టం 32.4 + 20 లాగ్ 5 + 20 లాగ్ 5800, అంటే దాదాపు 121.7 డీబీ. పంపేది 13 డీబీఎం (పవర్ కొలత), రెండు కొనల్లో 23 డీబీఐ (యాంటెన్నా సిగ్నల్‌ని ఎంత పెంచుతుందో చెప్పే కొలత) ప్యానెళ్లు అయితే 13 + 23 + 23 − 121.7 = సుమారు −63. రెండు మూడు డీబీ తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు. −79 వచ్చిందంటే 16 డీబీ ఎక్కడో పోయింది. సైడ్ లోబ్ మీద ఉన్నారు, లేదా ఒక కొన యాంటెన్నా పోలరైజేషన్ (తరంగం నిలువా అడ్డమా అన్నది) తిరగబడింది, లేదా దారికి ఏదో అడ్డముంది. 23 డీబీఐ ప్యానెల్ కిరణం వెడల్పు 10 డిగ్రీల చిల్లర. 5 కిలోమీటర్ల దూరాన ఒక్క డిగ్రీ అంటే 87 మీటర్లు. కాబట్టి మొదటి స్వీప్ ఐదు డిగ్రీలతో సరిపెట్టకుండా అటు 30, ఇటు 30 తిప్పాలి. అప్పుడే పెద్ద కొండా, పక్కన చిన్న గుట్టలూ విడివిడిగా కనబడతాయి.

అడ్డం అంటే కంటికి కనిపించేదే కాదు. ఇదే లింకుకి నడిమధ్య ఫ్రెనెల్ వ్యాసార్ధం (చూపు గీత చుట్టూ తరంగం ఆక్రమించే మేర) 8 మీటర్లు. అందులో 60 శాతం, అంటే 4.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. అవతలి టవర్ బైనాక్యులర్‌లో కనిపిస్తున్నా చెట్టు కొస ఈ మేరలోకి వస్తే లెక్క తప్పుతుంది.

నేలచూపు:
అంటే బోల్టు కన్నా ముందు లెక్క. రెండో పాదంలో ‘ముందు’ వచ్చిందీ ఇందుకేనా?

డెసిబెల్:
దారి తప్పుతున్నాం. పునరుక్తి అన్నారు గనక జవాబు చెప్పాలి. పద్యంలో ‘సంఖ్య’ లేదు, ‘అంకె’ ఉంది. −72 అనే సంఖ్య −95 కన్నా పెద్దదే. కానీ 95, 72 అని తెర మీద కనబడే అంకెలకి గుర్తు లేదు, అవి తగ్గాయి. మూడో పాదం సంఖ్య గురించి, నాలుగోది అంకె గురించి. కవి తెలిసే ‘అంకె’ వాడాడు. కొన్ని రేడియోల తెర మైనస్ గుర్తే చూపదన్నది మరవకండి.

తేటనీరు:
‘అంకె’ సిద్ధాంతం ముచ్చటగా ఉంది గానీ, అది బలానికే చెల్లుతుంది. తేట, అంటే ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్ అనే రొద కన్నా సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే కొలత), దాని సంగతేమిటి? ఎస్‌ఎన్‌ఆర్‌కి మైనస్ ఉండనక్కర్లేదు. 28 నుంచి 19కి పడితే అంకె తగ్గింది. ‘నెగ్గె ననుము’ అనగలరా? ‘తగ్గు’ అంటే సగం కొలతలకి పద్యం తప్పుతుంది, ‘మొగ్గు’ అయితే అన్నింటికీ నిలుస్తుంది.

మడ్డి అడుగుకు దిగాక పైన మిగిలేది తేట. నాయిస్‌ని మడ్డి అనుకుంటే ఎస్‌ఎన్‌ఆర్‌కి ఇంతకన్నా మంచి తెలుగు మాట దొరకదు. ‘స్వచ్ఛత’ దీని ముందు దిగదుడుపు.

అరసున్న:
వేమన గుర్తొస్తున్నాడు. కంచుకీ కనకానికీ మోతలో తేడా చెప్పిన పద్యం. మోత పెద్దదైతే విలువ పెద్దది కాదు. బలము, తేట అని విడదీసిన ఈ అజ్ఞాతకవి మనసులో అదే మెదిలి ఉంటుంది. ఆటవెలదిని ఎంచుకోవడం కూడా ఊరికే కాదు. మకుటం ఒక్కటే తక్కువ.

తేటనీరు:
కంచు మోత ఎల్‌టీఈ (4జీ మొబైల్) రౌటర్లలో బాగా వినిపిస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం) −78 ఉంటుంది, చూడముచ్చటగా. సినర్ (నాయిస్, జోక్యం కన్నా సిగ్నల్ ఎంత ఎక్కువో) 4 ఉంటుంది, వేగం రాదు. రెండు టవర్లు సమానంగా వినబడుతున్నాయన్నమాట. అప్పుడు యాంటెన్నాని బలమైన చోటు నుంచి కొద్దిగా పక్కకి తిప్పి, అక్కరలేని టవర్‌ని కిరణం అంచు బయటికి నెట్టాలి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ 3 పోయినా సినర్ 8 పెరిగితే లాభమే. ఒక్కో అడుగుకి సెల్ ఐడీ (టవర్‌లో ఏ భాగానికి తగులుకున్నామో చెప్పే నంబరు) కూడా రాసుకోవాలి. తిప్పుతుంటే రౌటర్ చప్పుడు లేకుండా వేరే సెల్‌కి దూకుతుంది, రెండు సెల్‌ల రీడింగులు కలిపి పోల్చుకుంటూ కూర్చుంటాం. రౌటర్ రీడింగుల పేజీ కొన్ని సెకన్లకోసారి గానీ మారదు. కదిపాక చెయ్యి తీసేసి పది సెకన్లు ఆగడం మేలు.

ఆర్‌ఎస్‌ఆర్‌క్యూని (రౌటర్ సిగ్నల్ నాణ్యత అని చూపే ఇంకో అంకె) మాత్రం తేట అనకండి. ఆ సెల్‌లో జనం పెరిగితే చాలు, ఏ జోక్యమూ లేకపోయినా అది −3 దగ్గర నుంచి −11 దాకా జారుతుంది. దాన్ని చూసి సాయంత్రం పూట డిష్ తిప్పడం వృథా.

గురి:
పాయింట్-టు-పాయింట్‌లో (రెండు కొనల మధ్య నేరు లింకులో) తేట చెడితే ముందు ఛానెల్ మార్చండి, తర్వాత వెడల్పు తగ్గించండి. 40 నుంచి 20 మెగాహెర్ట్‌జ్‌కి దిగితే నాయిస్ 3 డీబీ తగ్గుతుంది. రెండు చెయిన్‌ల (ఒకే రేడియోలోని రెండు సిగ్నల్ దారుల) మధ్య తేడా కూడా చూడాలి. 3, 4 డీబీ దాటితే గురి కన్నా కనెక్టర్‌ని, పిగ్‌టెయిల్‌ని (పొట్టి కేబుల్ ముక్కని) అనుమానించాలి. వాన పడుతున్నప్పుడే కాదు, వెలిశాక కూడా రెండు మూడు రోజులు సిగ్నల్ కోలుకోకపోతే కనెక్టర్‌లో నీళ్లున్నట్టే. 5 గిగాహెర్ట్‌జ్‌లో మామూలు వాన తినేది స్వల్పం.

‘బంధింప’ గురించి ఇంకొకటి. బిగించేటప్పుడే గురి జారుతుంది. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి పోతే డిష్ ఒక పక్కకి లాగుతుంది. అరచుట్టు ఇది, అరచుట్టు అది, రీడింగ్ మీద కన్నేసి. చివర్లో 2 డీబీ పోతే వదులు చేసి మళ్లీ మొదలు.

డెసిబెల్:
తేటనీరు గారి ఆక్షేపణకి జవాబు: నాలుగో పాదం మూడోదానికి కొనసాగింపు. సున్న వైపు జరిగేది బలమే గాని తేట కాదు. కాబట్టి ‘అంకె’ అన్నది బలం అంకె. ‘తగ్గు’ నిలుస్తుంది.

తేటనీరు:
నిలిస్తే ‘బలము పెరిగె’నని మురిసిపోకు అన్న మొదటి పాదాన్ని నాలుగో పాదం కొట్టేస్తుంది. బలం చూసి నెగ్గామనుకోమంటుందా?

పద్యాలపిచ్చి:
నేనడిగింది ఒక్క అక్షరం! జిరాక్సు మళ్లీ చూశాను. మాసిన చోటు ఒక అక్షరం కన్నా కొంచెం వెడల్పుగానే ఉంది.

నేలచూపు:
‘మొ’ వెడల్పు అక్షరమే కదా!

డెసిబెల్:
లేదా ‘త’కి ముందు ఏదో కొట్టివేత. పైన తలకట్టు మిగిలిందేమో చూడండి.

పద్యాలపిచ్చి:
పైన సన్నటి గీత ఒకటుంది. తలకట్టో, ‘మొ’ తలమీది ఒత్వం తోకో, కాగితం మడతో తేలడం లేదు. పెద్దది చేసి స్కాన్ పెడతాను.

అరసున్న:
పెట్టేటప్పుడు రెండో పాదం కూడా కలిపి పెట్టండి. ‘ముందు’ దగ్గర ‘మున్ను’ అని దిద్దినట్టు అనిపిస్తోంది.