ఎదుటివాళ్ళు గొంతు పెంచితే నోరు పెగలదు. కారణం తెలిసినా ఎందుకు మారడం లేదు?

తూనీగ:
ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, చేతులు చల్లబడతాయి, తప్పు నాది కాకపోయినా "సారీ" అనేస్తాను. చిన్నప్పటి ఇంటి వాతావరణం వల్లే అని తెలుసు, దీని మీద చాలా చదివాను కూడా. అయినా ఆ క్షణానికి ఏదీ గుర్తుండదు. రోజూ చేసుకోదగ్గ పద్ధతి ఉంటే చెప్పండి: ఎన్ని నిమిషాలు, ఏ వరుసలో.

చెలమ:
తూనీగ గారూ, ఈ భయాన్ని మీకు ఎవరూ మాటలతో నేర్పలేదు, అనుభవంతో ఒంటికి పట్టింది. అందుకే చదివితే పోదు.

మొదటి వారం ఏమీ మార్చకండి, రాసుకోండి చాలు. ఏం జరిగింది, ఒంట్లో మొదట ఎక్కడ తెలిసింది, వెంటనే ఏం చేశారు, తీవ్రత 10కి ఎంత. "సారీ" అన్నది గొలుసులో చివరి లింకు. దానికి ముందే దవడ బిగుసుకుంటుంది, లేదా బొటనవేలు పిడికిట్లోకి పోతుంది. పట్టుకోవాల్సింది అక్కడ.

దీంతోపాటు 4 లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. 5 నిమిషాలు, రోజుకు 2 సార్లు, మనసు కుదురుగా ఉన్నప్పుడే. చాలామంది గొడవ మధ్యలో మొదటిసారి ప్రయత్నించి, పనిచేయలేదని వదిలేస్తారు. అది ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వడమే. కొందరికి శ్వాస మీద ధ్యాస పెడితే దడ పెరుగుతుంది. అలా అయితే శ్వాస వదిలేసి, అరికాళ్ళు నేలకు నొక్కి, కంటికి కనిపించే 5 వస్తువుల పేర్లు పైకి చెప్పండి.

గట్టుమీద:
ఆ "సారీ" గురించి ఇంకాస్త చెప్పాలి. మీరు సారీ అంటారు, ఎదుటివాళ్ళు చల్లబడతారు. "సారీ అన్నాను కాబట్టే బతికిపోయాను" అని మెదడు లెక్క వేసుకుంటుంది. అనకపోతే ఏమవుతుందో దానికి తెలిసే అవకాశమే రాదు. పాత అలవాటుకు రోజూ నీళ్ళు పోస్తున్నది ఇదే.

దాని స్థానంలో ఒకే ఒక్క వాక్యం ముందే సిద్ధం చేసుకోండి: "గొంతు పెరిగితే, అరికాళ్ళు నొక్కి, 'ఒక్క నిమిషం, ఆలోచించి చెప్తాను' అంటాను." ఇలా "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకున్న నిర్ణయం ఉత్త సంకల్పం కన్నా బాగా నిలుస్తుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరంగా రాశారు. రోజూ 10 సార్లు పైకి అనండి. మనసులో అనుకుంటే ఆ వేళకు గొంతు దాటదు.

తర్వాత 8 నుంచి 10 సందర్భాలు భయం పెరిగే వరుసలో రాసి, భయం 100కి 30 దగ్గర ఉన్నదానితో మొదలుపెట్టండి. ప్రతిదానికీ ముందు "ఇలా అంటే ఏమవుతుందని నా భయం" అని, తర్వాత "నిజంగా ఏమైంది" అని రాయండి. ఆ రెండింటి మధ్య తేడాయే మందు. వేర్వేరు మనుషులతో, వేర్వేరు చోట్ల చేయండి. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త పాఠం చేరుతుంది. ఆ పాఠం నేర్చుకున్న చోటికే అతుక్కుని ఉంటుంది. ఆఫీసులో బాగానే మాట్లాడే మనిషి పుట్టింటి గుమ్మం ఎక్కగానే మళ్ళీ బిగుసుకుపోవడం అందుకే.

ఒక్కమాట: అరిచే మనిషి నిజంగా చెయ్యి చేసుకునేవాడైతే ఇవేవీ వద్దు. అక్కడ భయం సరైనదే, ముందు సురక్షితమైన చోటు చూసుకోవాలి.

తూనీగ:
పాత సంఘటనలను కాగితం మీద పెట్టమంటారా? మధ్యలో వెనక్కి జారితే?

చెలమ:
పెట్టొచ్చు. రోజుకు 15 నిమిషాలు, వరుసగా 4 రోజులు, ఆపైన ఆపేయండి. అన్నిటికన్నా ఘోరమైన దానితో మొదలుపెట్టకండి. రాశాక గంటల తరబడి కలత తగ్గకపోయినా, నిద్ర పట్టకపోయినా ఒంటరిగా కొనసాగించవద్దు.

పీడకలలు, సంఘటన మళ్ళీ కళ్ళముందు జరుగుతున్నట్టు ఉండటం, అది గుర్తుచేసే చోట్లు తప్పించుకు తిరగడం నెలకు మించి ఉంటే ట్రామా (మానసిక గాయం) చికిత్సలో శిక్షణ ఉన్న థెరపిస్టును కలవండి. ఆ సంఘటన మీద పేరుకున్న ఆలోచనలను సరిచూసే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ మామూలుగా 12 సెషన్లు, తప్పించుకుంటున్న జ్ఞాపకాలను, చోట్లను మెల్లగా ఎదుర్కొనే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ 8 నుంచి 15. "ఏ పద్ధతి వాడతారు, ఎన్ని సెషన్లు" అని మొదటి రోజే అడగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఏదీ పూర్తయ్యేదాకా ఆగవద్దు, అదే రోజు సాయం తీసుకోండి.

జారడం తప్పకుండా జరుగుతుంది, ముఖ్యంగా నిద్ర తక్కువైన రోజున. ఆ రాత్రి పుస్తకంలో ఒకటే చూడండి: దవడ బిగిసిందని ఈసారి ఎప్పుడు తెలిసింది, సారీ అన్నాకా, అనకముందా?