చూపు కంటి నుంచి బయలుదేరదని పిల్లలకు ఎలా బోధించాలి?

ప్రశ్న: కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మా తరగతి పిల్లలందరూ అప్పజెబుతారు గానీ, బొమ్మ గీయమంటే బాణం గుర్తును కంటి నుంచి వస్తువు వైపు వేస్తున్నారు. దీనిని ఎలా సరిదిద్దాలో అనుభవజ్ఞులు దయచేసి సూచించగలరు.

మొదటి సమాధానం: అందులో పిల్లల తప్పేమీ లేదండీ, ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ అంతటివాడు కూడా అలాగే భావించగా, 11వ శతాబ్దంలో అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ ఆ వాదాన్ని ఖండించారు. ఒక అట్టపెట్టెలో బంతి పెట్టి, మూత బిగించి, చిన్న రంధ్రంలోంచి చూడమనండి. ఏమీ కనిపించదు. పక్కన మరో రంధ్రం చేసి టార్చి వేయగానే బంతి కనిపిస్తుంది. కన్నూ అదే, బంతీ అదే. కొత్తగా వచ్చింది వెలుగు ఒక్కటే.

రెండవ సమాధానం: పరావర్తనం (కాంతి వస్తువుపై పడి వెనక్కి మళ్లడం) అనగానే అద్దం చూపించి ఊరుకోవడం నాకు నచ్చదు. చీకటి గదిలో ఎర్ర కాగితంపై టార్చి వేసి, దానికి ఎదురుగా తెల్ల కాగితం పట్టుకుంటే దానిమీద లేత ఎరుపు ఛాయ పడుతుంది. గరుకు ఉపరితలం కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది కాబట్టే, గదిలో ఏ మూల కూర్చున్నవారికైనా ఆ ఎర్ర కాగితం కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. అయితే చంద్రుడి బొమ్మలో బాణం సూర్యుడి దగ్గర మొదలవ్వాలి కదా?

మొదటి సమాధానకర్త: అవునండీ. చంద్రుడి నుంచి మన కంటికి చేరే రెండో బాణానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది.