‘ఉద్వాస్తు’కు తెలుగు మాట: కాందిశీకుడా? ఇంకేమైనా ఉందా?

అడిగినవారు: నిన్న ఓ బెంగాలీ ఫైటింగ్ సినిమా చూశాను. హీరో తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాడు. కాలనీ ఖాళీ చేయించడానికి వచ్చిన రౌడీ ‘ఉద్బాస్తు’ (ఉద్వాస్తుకు బెంగాలీ పలుకుబడి, ఇల్లూ ఊరూ విడిచి రావాల్సి వచ్చినవాడు) అని మొహమ్మీదే అంటాడు. కొట్లాట అక్కడే మొదలు. దీనికి మన ‘కాందిశీకుడు’ సరిపోతుందా? అమరకోశంలో ‘కాందిశీకో...’ తర్వాతి మాట నోటికి రావడం లేదు.

గుంటూరు: ‘భయద్రుతః’. భయపడి పరుగెత్తేవాడు. ‘కాం దిశం’, ఏ దిక్కుకు పోను అన్న ప్రశ్నే పేరైపోయింది. ‘శీ’కి దీర్ఘం మాత్రం వదలకండి, ‘కాందిశికులు’ అని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

విశాఖ: 1942లో మా తాతయ్య వాళ్లు రంగూన్ నుంచి నడిచి వచ్చారు. మాస్టారూ, మా ఇంట్లో ‘కాందిశీకులు’ అనే మాటే వినలేదు. మామ్మ ఎప్పుడూ ‘మేం కేంపోళ్లం’ అనేది.

హైదరాబాద్: రెవెన్యూ వాళ్లకు ‘కాందిశీకుల భూములు’ అంటే పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్లవి. వచ్చినవాడికీ వెళ్లినవాడికీ ఒకటే మాట అయితే ఎలా?

కాగజ్‌నగర్: మా దగ్గర బెంగాలీ క్యాంపులున్నాయి. అక్కడి పెద్దవాళ్ల నోట ‘బాస్తు’ అంటే వాస్తుశాస్త్రం కాదండీ, తాతల నాటి ఇంటి జాగా. అది పోయినవాడు ‘బాస్తుహారా’, అందులోంచి లేచిపోవాల్సి వచ్చినవాడు ‘ఉద్బాస్తు’. ఇందులో పరుగు లేదు, పోయిన చోటు ఉంది.

తెనాలి: అయితే పోతన గజేంద్రమోక్షంలో ఎప్పుడో ఇచ్చేశాడు. ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’. ఉద్వాస్తు అంటే ఠావు తప్పినవాడు!

విశాఖ: ‘తావుల్’ కదా? మామ్మ అలాగే చదివేది. తావు మన మాటే.

గుంటూరు: మాట మనదే అమ్మా, కానీ అక్కడ కుదరదు. శార్దూలానికి 13వ అక్షరం యతి. ఆ పాదంలో అది ‘డస్సెన్’లో ‘డ’. ‘ఠ’కు ‘డ’ చెల్లుతుంది, ‘త’కు చెల్లదు. ప్రాస ‘వ’ కాబట్టి దాని దగ్గర తేడా దొరకదు, యతి దగ్గరే దొరుకుతుంది.

తెనాలి: ఆ బహువచనం కూడా చూడండి. హృదయంలో ప్రాణం, నాభిలో సమానం, కంఠంలో ఉదానం, ఇలా అయిదింటికీ అయిదు చోట్లు. అన్నీ ఒక్కసారే కదిలిపోయాయి. ఏనుగు మడుగులోనే ఉంది, ఒంట్లో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ పద్యం చదివినప్పుడల్లా ‘రావే యీశ్వర’ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పూడుకుపోతుంది.

హైదరాబాద్: ‘శరణార్థి’కి ఆ ‘రావే’ సరిపోతుంది. అడిగేవాడు కాబట్టి. సినిమాలో కుర్రాడు ఎవర్నీ అడగట్లేదుగా, తిరగబడుతున్నాడు.

అడిగినవారు: అదే నా ఇబ్బంది. ‘ఠావు తప్పినవాడా!’ అని రౌడీ అంటే తిట్టులా వినపడుతుందా?

కాగజ్‌నగర్: ఒక సందేహం. నాన్న ‘ఓ ఠావు కాగితం పట్రా’ అనేవారు. ఆ ఠావూ పోతన ఠావూ ఒకటేనా?