పైథాన్‌లో విలువ ఏ రకానిదో పరీక్షించడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. పైథాన్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. వాడుకరి ఇచ్చిన వయసు పూర్ణాంకమేనా అని చూడడానికి, ఇన్‌పుట్ ఫంక్షన్ నుంచి వచ్చిన విలువను టైప్ ఫంక్షన్‌కు ఇచ్చి, ఫలితం ఇంట్ అయితేనే ముందుకు సాగేలా షరతు రాశాను. కానీ 25 అని ఇచ్చినా ప్రతిసారీ ఎల్స్ భాగంలోకే వెళుతోంది. అదే 25ను నేరుగా కోడ్‌లో రాస్తే సరిగ్గా పనిచేస్తోంది. కారణం ఏమిటి? టైప్ బదులు ఈజ్‌ఇన్‌స్టన్స్ వాడితే ఈ ఇబ్బంది తీరుతుందా?

జవాబు 1:
తీరదండి. పైథాన్ 3లో ఇన్‌పుట్ ఫంక్షన్ ఏది చదివినా స్ట్రింగ్‌గానే (అంటే అక్షరాల వరుసగానే) ఇస్తుంది కాబట్టి, మీ షరతు ఉన్నదున్నట్టే చెబుతోంది. ఆ విలువను, కోడ్‌లో రాసే రూపంలో చూపించే రెప్ర్ ఫంక్షన్‌కు ఇచ్చి ప్రింట్ చేస్తే, 25కు ఇరువైపులా కొటేషన్ గుర్తులు కనిపిస్తాయి. ఇక్కడ మీరు తెలుసుకోవలసింది దాని రకం కాదు, అది పూర్ణాంకంగా మారుతుందా లేదా అన్నది. ట్రై భాగంలో ఇంట్‌కు ఇచ్చి చూడండి. మారకపోతే వాల్యూఎర్రర్ వస్తుంది, దాన్ని ఎక్సెప్ట్‌లో పట్టుకుని మళ్ళీ అడగవచ్చు.

జవాబు 2:
ఇంత దూరం ఎందుకు? అందులో ఉన్నవన్నీ అంకెలేనా అని చెప్పే ఈజ్‌డిజిట్ అనే మెథడ్ స్ట్రింగ్‌కే ఉంది కదా.

జవాబు 1 రాసినవారు:
వయసు వరకైతే గట్టెక్కవచ్చు గానీ, నేను దాన్ని సిఫారసు చేయను. మైనస్ 5 ఇస్తే ముందున్న గుర్తు వల్ల ఈజ్‌డిజిట్ ఫాల్స్ అంటుంది, ఇంట్ మాత్రం దాన్ని చక్కగా మారుస్తుంది. వర్గాన్ని సూచించే చిన్న ² ఒక్కటే ఇస్తే ఇందుకు తలకిందులుగా జరుగుతుంది: ఈజ్‌డిజిట్ ట్రూ అంటుంది, ఇంట్ వాల్యూఎర్రర్ ఇస్తుంది. అన్నట్టు, తెలుగు అంకెల్లో ౨౫ అని ఇచ్చినా ఇంట్ దాన్ని 25గానే తీసుకుంటుంది. సరదాగా ప్రయత్నించి చూడండి.

జవాబు 3:
ఈజ్‌ఇన్‌స్టన్స్ సంగతి మిగిలిపోయింది. టైప్‌తో పోల్చినప్పుడు సరిగ్గా అదే రకమైతేనే ట్రూ వస్తుంది; ఈజ్‌ఇన్‌స్టన్స్ ఆ రకం నుంచి పుట్టిన ఉపరకాలను కూడా ఒప్పుకుంటుంది, పైగా ఇంట్, ఫ్లోట్ రెండింటినీ ఒక టపుల్‌లో (బ్రాకెట్లలో రాసే వరుసలో) పెట్టి ఒకేసారి అడగవచ్చు. అందుకే మామూలుగా దానికే నా మొగ్గు. ఒక్క చోట జాగ్రత్త అవసరం: పైథాన్‌లో బూల్ (ట్రూ, ఫాల్స్ విలువల రకం) అనేది ఇంట్‌కు ఉపరకం కనుక, ట్రూ అనే విలువ ఇంట్ రకమేనా అని ఈజ్‌ఇన్‌స్టన్స్‌ను అడిగితే అవుననే చెబుతుంది. సంఖ్యల జాబితాను కూడే ఫంక్షన్‌లోకి పొరపాటున ఒక ట్రూ చొరబడితే, ఏ ఎర్రరూ రాకుండా మొత్తం 1 పెరుగుతుంది. అలాంటి చోట బూల్ కాదని ముందే పరీక్షించి, ఆ తర్వాతే ఇంట్ అవునా అని చూడండి.