మైక్రోఫైబర్ గుడ్డలు బిరుసెక్కాయి, నీళ్లు పీల్చడం లేదు. పారేయాలా?

మియాపూర్ ఫ్లాట్

అందరికీ నమస్కారం. కారు తుడవడానికి కొన్న మైక్రోఫైబర్ గుడ్డలు కొత్తలో చాలా మెత్తగా ఉండేవి. ఇప్పుడు ఆరాక పట్టుకుంటే గరగరలాడుతున్నాయి. తడి అద్దం మీద వేసి లాగితే నీళ్లు పీల్చకుండా ముందుకు నెట్టుకుపోతున్నాయి. కారు నలుపు రంగు. పొద్దుటెండలో బానెట్ మీద గుండ్రంగా సన్న గీతలు కనిపిస్తున్నాయి.

మా అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లు, ఎండాకాలమైతే ట్యాంకరు. గుడ్డల్ని మెషీన్‌లో మామూలు బట్టలతోపాటే వేస్తాం. సబ్బు పౌడరు, ఆఖర్న కండిషనర్. ఆరేసేది బాల్కనీ గ్రిల్ మీద, కిందంతా మెయిన్ రోడ్డు. ప్యాకెట్ మీద 80/20, 400 జీఎస్ఎం (చదరపు మీటరుకి 400 గ్రాముల బరువు) అని ఉంది. చాకలి సోడా వేసి మరగబెట్టమని అమ్మ అంటోంది. చేయొచ్చా?

గుంటూరు వంటిల్లు

మీ అమ్మగారు చెప్పింది సబబే. మా ఇంట్లో గట్టు తుడిచే గుడ్డలన్నీ వారానికోసారి సోడా వేసి ఉడకబెడతాం. జిడ్డు, వాసన రెండూ పోతాయి. ఇన్నేళ్లలో ఒక్క గుడ్డ పాడవలేదు.

ఒంగోలు షెడ్డు

తమ్ముడూ, పారేయొద్దు. మరగబెట్టొద్దు కూడా.

గుంటూరు అక్కగారు ఉడకబెడుతున్నవి నూలు గుడ్డలై ఉంటాయి, వాటికి ఆ పద్ధతి బంగారం. ఇది నూలు కాదు. ప్యాకెట్ మీద 80/20 అంటే 80 పాళ్లు పాలియెస్టర్, 20 పాళ్లు నైలాన్. ఈ రెంటినీ కలిపి ఒకే దారంగా తీసి, తర్వాత ఆ దారాన్ని కమలాపండు తొనల్లాగా నిలువునా చీలుస్తారు. నీళ్లూ దుమ్మూ పట్టేది ఆ చీలికల సందుల్లోనే. పాలియెస్టర్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి గనక మరిగే నీళ్లలో కరగదు, నిజమే. కానీ 70, 80 డిగ్రీల కాడికే పట్టు సడలి, నలిగింది నలిగినట్టే ఉండిపోద్ది. ఇంక ఆ పోగు లేవదు. ఇస్త్రీ పెట్టినా ఇదే కథ.

సోడా సంగతి ఇంకోటి. మీ బోరు నీళ్లలో కాల్షియం ఉంటది. దానికి చాకలి సోడా కలిస్తే సుద్ద విరిగి కిందికి దిగుద్ది. నీళ్లు మెత్తబడే మాట నిజమేగానీ, ఆ దిగిన సుద్ద పోయి కూర్చునేది మన గుడ్డ సందుల్లోనే. చాలా సబ్బు పౌడర్లలోనూ సోడా ఉంటది, పైగా చన్నీళ్లలో పౌడరు పూర్తిగా కరగదు. అందుకే ఈ గుడ్డలకి లిక్విడే వాడాలి, అదీ తక్కువ. నురగ ఎక్కువొస్తే జాడించలేక చస్తాం.

ఇక మీ కండిషనర్. అది బట్టను మెత్తగా చేసేది పోగుల మీద జిడ్డులాంటి పూత వేసి. చొక్కాకి బాగానే ఉంటదిగానీ మనకి కావాల్సిన సందులు మూసేస్తది. మీ గుడ్డ నీళ్లని నెట్టుకుపోతోందంటే ముందు నేను అనుమానించేది దాన్నే, తర్వాత సుద్దని.

నేను షెడ్డులో గుడ్డ చచ్చిందా బతికిందా అని ఎట్టా చూస్తానంటే, ఆరిన గుడ్డ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరుపుతా. పనిచేసే చేతులు గదా, వేళ్ల చివర చర్మం గరుకుగా ఉంటది. మంచి గుడ్డయితే ఆ గరుకుకి పట్టుకుని వదలదు, ఒళ్లు జలదరిస్తది. పూత పట్టిన గుడ్డ మీద చెయ్యి నున్నగా జారిపోద్ది. పట్టుకోవాల్సింది పట్టుకోకుండా గరగరమని గుచ్చుకుంటే అది సుద్ద.

ఉతికే విధానం చెప్తా. ముందు పొడిగా ఉన్నప్పుడే గట్టిగా దులిపి, వెలుతురుకి పెట్టి చూడండి. మా కాడైతే పల్లేరు ముక్కలు, తుమ్మ ముళ్లు, ఇసక దొరుకుతాయి. నీళ్లలో వేస్తే అవి ఇంకా లోపలికి దిగుతాయి, ఇప్పుడే గోరుతో ఏరేయాలి. అంచున కుట్టిన లేబుల్ ఉంటే కత్తిరించేయండి, దాని మూలకి కూడా పెయింటు గీసుకుపోద్ది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో లిక్విడ్ వేసి గంటసేపు నానబెట్టి చేత్తో పిసకండి. బ్రష్ పెట్టొద్దు, బండకేసి బాదొద్దు. నురగ పోయేదాకా జాడించాక ఒక బకెట్ నీళ్లలో రెండు స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి అరగంట వదిలేయండి. సుద్దని కరిగించేది అదే. తెల్ల వెనిగర్ ఉన్నా సరే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: బ్లీచింగ్, నిమ్మ ఉప్పు ఒక్క బకెట్లో కలవకూడదు, క్లోరిన్ గ్యాస్ లేస్తది. అసలు ఈ గుడ్డలకి బ్లీచింగే వద్దు, నైలాన్‌ని తినేస్తది.

ఆఖరి జాడింపుకి బోరు నీళ్లు పోస్తే మళ్లీ మొదటికొస్తది. ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. అది గాల్లో తేమ చల్లబడి కారిన నీరు, అందులో సుద్ద దాదాపు ఉండదు. వానాకాలమైతే వాన నీళ్లు. ఆర్వో మెషీన్ వదిలేసే నీళ్లు మాత్రం పనికిరావు. వృథా కాకూడదని చాలామంది ఆ నీళ్లతోనే ఉతుకుతారు. ఫిల్టర్ వద్దని తోసేసిన ఉప్పంతా అందులోనే కదా ఉండేది.

ఆరబెట్టడం నీడలో, గాలి ఆడేచోట. మే నెల మా ఒంగోలు ఎండలో రేకు మీద పరిస్తే సాయంత్రానికి అప్పడమే. ఎండకి నైలాన్ బలం కూడా పోద్ది. మీ బాల్కనీకి ఎండకన్నా రోడ్డు ముఖ్యం. తడిగుడ్డకి దుమ్ము పట్టినంతగా ఇంకేదానికీ పట్టదు. గ్రిల్ మీద రోజంతా దుమ్ము తాగి, మర్నాడు దాన్నే బానెట్ మీద రుద్దుద్ది. మీ గీతల్లో సగం అక్కడివేనని నా లెక్క. గదిలో ఫ్యాను కింద తీగ కట్టండి. పడ్డ గీతలు మాత్రం ఉతుకుడుతో పోవు, పాలిష్ పట్టించాల్సిందే.

ప్లానో పెద్దక్క

మేం టెక్సాస్‌లో ఉంటాం, ఇక్కడ అందరిళ్లలో డ్రయరే. వచ్చిన కొత్తలో అందరూ చేసే పని, డ్రయర్ షీటు ఒకటి పడేయడం. అది కూడా కండిషనర్ లాంటిదే, కాగితానికి పూసి ఇస్తారంతే. మైక్రోఫైబర్‌కి షీటు లేకుండా, తక్కువ వేడి మీద తిప్పితే చాలు, తొందరగా ఆరిపోతాయి. ఇంకో మాట, ముందు విడతలో తువ్వాళ్లు వేసి ఉంటే లింట్ జాలీ దులిపాకే ఇవి వేయండి. నూలు పీచు పట్టిందంటే ఊడదు.

మియాపూర్ ఫ్లాట్

ఒంగోలు అన్నా, చాలా థ్యాంక్స్. నిన్న రెండు గుడ్డలకి చేసి చూశా. ఒకటి నిజంగానే చేతికి పట్టుకుంటోంది, అద్దం మీద చుక్క మిగల్చలేదు. రెండోది ఇంకా జారుతూనే ఉంది. దాంతో డాష్‌బోర్డ్ పాలిష్ తుడిచేవాళ్లం. మెషీన్‌లో వేయాల్సి వస్తే ఎలా? ఏసీ నీళ్ల బకెట్ మాత్రం మా ఆవిడ మొక్కలకి రిజర్వు చేసేసింది, చర్చలు నడుస్తున్నాయి.

ఒంగోలు షెడ్డు

డాష్‌బోర్డ్ పాలిష్‌లో సిలికాన్ ఉంటే దాన్ని పూర్తిగా వదిలించడం కష్టం. లిక్విడ్‌లో ఇంకోసారి నానబెట్టి చూడండి. అప్పటికీ జారితే దాన్ని టైర్లకి దించేయండి. మా షెడ్డులో గుడ్డకి ఉద్యోగం అట్టా దిగుతా ఉంటది: ముందు పెయింటు, తర్వాత లోపలి ప్లాస్టిక్, తర్వాత చక్రాలు, ఆఖర్న ఇంజిన్. ఒకసారి కిందికి దిగింది మళ్లీ పైకెక్కదు. కలవకుండా మూలన రంగు దారంతో ఒక కుట్టు వేస్తాం, మార్కర్ అయితే చెరిగిపోద్ది. నేల మీద పడ్డ గుడ్డ కూడా ఆ పూటకి పెయింటు ముట్టుకోకూడదు, మా కుర్రాళ్లకి అదొక్కటే రూలు.

మెషీన్ అయితే సింథటిక్స్ ప్రోగ్రామ్, 40 డిగ్రీలు దాటొద్దు. తువ్వాళ్లు, లుంగీలు వద్దు, గుడ్డలు ఒక్కటే వేయాలి, డ్రమ్ము సగానికి మించొద్దు. జాడింపు ఇంకోటి అదనంగా పెట్టుకోండి. మెషీన్‌లో కండిషనర్ పోసే అరలో పాత జిగురు ఉంటది, ముందు దాన్ని కడగండి.

మొక్కలకి బోరు నీళ్లు పోసినా బతుకుతాయని చెప్పి చూడండి.

గుంటూరు వంటిల్లు

మా ఇంట్లో కూడా రెండు నీలం రంగువి ఉన్నాయి, ఆన్‌లైన్‌లో వచ్చినవి. వాటినీ నూలు వాటితోపాటే ఉడకబెడుతున్నాం. ఇప్పుడే వెళ్లి అరచేత్తో చూశాను, నున్నగా జారుతోంది. కళ్లజోడు గుడ్డకి కూడా ఇదే పద్ధతా అన్నయ్యగారూ?

ఒంగోలు షెడ్డు

అదేనండీ, కానీ దానికి బకెట్టు అక్కర్లేదు. గిన్నెలో రెండు చుక్కల లిక్విడ్ వేసి పిసికి, మంచినీళ్లతో జాడించి, నీడన ఆరేయండి. చీర కొంగుతో మాత్రం అద్దం తుడవొద్దు.