పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను బోన్సాయ్ కోసం ఎలా తీయాలి?

నమస్కారం అండీ, మాది అనంతపురం. బోన్సాయ్, అంటే చెట్టును చిన్న కుండీలో పొట్టిగా పెంచడం, నేర్చుకోవాలని రెండేళ్లుగా కోరిక. ఒక నర్సరీలో చిన్న జువ్వి బోన్సాయ్ అడిగితే 2,500 రూపాయలు చెప్పారు. అంత పెట్టలేను, పైగా నేర్చుకునేటప్పుడు ఒకటో రెండో చచ్చిపోతాయి కదా.

మా మిద్దె పిట్టగోడ పగుల్లో ఒక రావి మొక్క ఉంది, పిట్టలు వేసిన విత్తనమే అయ్యుంటుంది. మూడుసార్లు విరిచేసినా మళ్లీ చిగురించింది. ఎత్తు జానెడే గానీ మొదలు బొటనవేలంత లావైంది. వేరు ఇటుకల సందులో పలకలా అణిగిపోయి, అచ్చం ముసలి చెట్టులాగే ఉంది. గోడ పగలగొట్టకుండా దాన్ని ఎలా తీయాలి? వేరు సగం తెగినా బతుకుతుందా? మా ఎండలకు భయపడుతున్నాను, వానలు పడేదాకా ఆగమంటారా?

కాగితం పూల కంచె కొట్టేసేవాళ్లను అడిగి మొద్దులు తెచ్చుకుందామనీ ఉంది. మణికట్టంత లావు మొద్దు కూడా వేరు పోస్తుందా? చింతగింజలు వేస్తే మొలిచాయి, కానీ ఆ మాను లావెక్కేసరికి ఏళ్లు పడుతుంది. అడవిలోంచి మాత్రం తవ్వుకురాను, అది తప్పు.

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసినప్పటి నుంచి ఊడలు దిగిన మర్రి ఒకటి నా కుండీలో పెంచాలని ఆశ. కుండీలోకి మా ఎర్రమట్టిలో ఇటుక ముక్కలు ఎంత పాళ్లు కలపాలి? కర్నూలు, కడప వైపు పెంచుతున్నవాళ్లుంటే దయచేసి చెప్పండి. మర్రి కొమ్మ ఒక్కటి ఇస్తానన్నా బస్సెక్కి వచ్చేస్తాను.